1990 మియాటా 1.6: చక్రాల దగ్గర 200 హార్స్‌పవర్ తెప్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎర్రబండి90 (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1990 మోడల్ మాజ్డా మియాటా ఉంది. మొదటి తరం బండి, 1.6 లీటర్ ఇంజిన్, 5 గేర్లు, 138 వేల మైళ్లు తిరిగింది. తుప్పు లేదు, పైకప్పు గుడ్డ కొత్తది, ఏసీ మాత్రం పనిచేయదు. కంపెనీ చెప్పిన లెక్క 116 హార్స్‌పవర్. ఇక్కడ ఒక షెడ్డులో డైనో (చక్రాల దగ్గరికి చేరే శక్తిని కొలిచే యంత్రం) మీద ఎక్కిస్తే చక్రాల దగ్గర 84 చూపించింది. హైవే ర్యాంపు ఎక్కుతున్నప్పుడు వెనక వచ్చే పికప్ ట్రక్కు అద్దం నిండా కనిపిస్తుంటే ఆ 84 ఎంత తక్కువో అర్థమవుతుంది.

నాకు చక్రాల దగ్గర 200 కావాలి. ఖర్చు 6 వేల డాలర్లు దాటకూడదు. వారాంతాల్లో తిప్పడానికి, అప్పుడప్పుడు క్రెసన్ ట్రాక్‌కు తీసుకెళ్లడానికి. టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టేది) పెట్టుకోవచ్చు. లేదంటే దగ్గరలో ఒకాయన పాత సూపర్‌చార్జర్ (అదే పని ఇంజిన్ బెల్టుతో చేసేది) కిట్ అమ్ముతున్నారు. అదీ కాకపోతే 2001 తర్వాత వచ్చిన 1.8 వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చుకునే) ఇంజిన్ దింపడం. పని నేనే చేసుకుంటాను. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దారి చూపించండి.

గేరుమార్పు (న్యూజెర్సీ)

టర్బో. రెండో ఆలోచన వద్దు. ఈ ఇంజిన్‌కు టర్బో పెట్టినవాళ్లు వేలమంది ఉన్నారు, సామాన్లన్నీ దొరుకుతాయి, చేసే విధానం అంతా రాసిపెట్టి ఉంది. వీవీటీ ఇంజిన్ దింపితే ఖర్చు ఎక్కువ, వచ్చేది తక్కువ. సూపర్‌చార్జర్ అమ్మే పెద్దమనిషికి దండం పెట్టి వచ్చేయండి.

బోల్టునట్టు (మిషిగన్)

ఎర్రబండి గారూ, 200 సంగతి తర్వాత. ముందు ఆ 84 సంగతి చూడండి. డైనోలన్నీ ఒకేలా చూపించవు, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న 1.6కు చక్రాల దగ్గర 90 నుంచి 95 మధ్య రావాలి. మీ బండి ఎక్కడో పది పోగొట్టుకుంటోంది. అది ఎక్కడ పోతోందో తెలియకుండా దాని మీద టర్బో పెడితే, ఇప్పుడు పది పోతున్న చోట రేపు పిస్టన్ పోతుంది.

నేను వృత్తిరీత్యా ఇంజిన్ క్యాలిబ్రేషన్ చేస్తాను, కాబట్టి నా చాదస్తాన్ని కొంచెం భరించండి. ముందు ఈ పనులు చేసి వచ్చి చెప్పండి.

ఒకటి, నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష, అంటే లోపల గాలి ఎంత ఒత్తిడికి వస్తుందో కొలవడం. ఇంజిన్ వేడిగా ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. అంకెలు ఎంత వచ్చాయన్నదాని కన్నా వాటి మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం.

రెండు, ముందు వైపు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర ఉండే పుల్లీని టార్చి వేసి చూడండి. దాని మీద గాడులు నాలుగు ఉంటే మీది పొట్టి ముక్కు క్రాంక్. ఎనిమిది ఉంటే పొడుగు ముక్కు. 1990లో, 1991 మధ్య దాకా వచ్చిన బండ్లలో ఈ పొట్టి ముక్కు ఉంది. బోల్టు సరిగ్గా బిగించకపోతే లోపల ఉన్న కీ గాడి అరిగి, పుల్లీ వంకరగా తిరగడం మొదలుపెడుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది, బండి మొద్దుబారుతుంది. ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ అంచును పక్క నుంచి చూస్తే ఊగుతోందో లేదో తెలిసిపోతుంది.

మూడు, గాలి కొలిచే పెట్టెకూ థ్రాటిల్‌కూ మధ్య ఉన్న ముడతల రబ్బరు గొట్టం. అది పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. విప్పి వంచి, ముడతల అడుగు భాగం చూడండి. ఆ వయసు గొట్టాలు అక్కడే పగులుతాయి.

నాలుగు, ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడుతుందన్నది. బానెట్ కింద ఉన్న డయాగ్నసిస్ పెట్టె మూత తీసి టీఈఎన్, జీఎన్‌డీ అని రాసిన రెండు రంధ్రాలనూ చిన్న తీగతో కలపాలి. అప్పుడే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తన సర్దుబాట్లు మాని, అసలు టైమింగ్ ఎంతో చూపిస్తుంది. ఐడ్లింగ్ 850 దగ్గర ఉంచి టైమింగ్ లైటు వేయండి. కంపెనీ చెప్పింది 10 డిగ్రీలు.

పాతబస్తీ_గ్యారేజీ (హైదరాబాద్)

బోల్టునట్టు గారు చెప్పినదానికి నా సంతకం కూడా వేసుకోండి. ఇంజిన్ పని మీద ఇక్కడ నా జుట్టు నెరిసింది. "సార్, పికప్ పెంచాలి" అని వచ్చే బండ్లలో సగానికి పైగా పెంచాల్సింది ఏమీ ఉండదు. పోయినదాన్ని తిరిగి తేవడమే.

విశాఖ_మలుపులు (విశాఖపట్నం)

నాకో సందేహం, తప్పుగా అనుకోకండి. ఈరోజు మన దగ్గర హ్యుందయ్ ఐ20 ఎన్ లైన్‌లో ఉన్న 1.0 లీటర్ టర్బో ఇంజినే 120 పీఎస్ ఇస్తుంది. అటువంటప్పుడు 116 ఉన్న 1.6 బండిని స్పోర్ట్స్ కారు అని ఎలా అంటున్నారు?

బోల్టునట్టు (మిషిగన్)

మంచి ప్రశ్న. బరువు చూడండి. ఆ మియాటా ఏసీ, పవర్ స్టీరింగ్ లేకుండా 990 కిలోలు. ఇంజిన్ ముందు ఇరుసుకు వెనగ్గా కూర్చుంటుంది, శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది, ముందూ వెనకా బరువు దాదాపు సమానం. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో దాన్ని చూపించినప్పుడు ఎవరూ వేగం గురించి మాట్లాడలేదు. మలుపు తిరిగే తీరు గురించే మాట్లాడారు.

1.6 లీటర్‌కు 116 అన్నది ఆ రోజుల్లో చిన్న అంకె కాదు. రెండు క్యామ్‌షాఫ్టులు, 16 వాల్వులు, 6,500 ఆర్‌పీఎం దగ్గర ఆ శక్తి. ఇప్పటి చిన్న టర్బో ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ ఇస్తుంది, అందుకే బలంగా అనిపిస్తుంది. పాతదాన్ని అరిపించి నడపాలి. దాని సరదా అదే, ఎర్రబండి గారి ర్యాంపు కష్టం కూడా అదే.

కృష్ణాతీరం (శాన్ హోసే, కాలిఫోర్నియా)

టెక్సస్ వాళ్లు అదృష్టవంతులు. 24 ఏళ్లు దాటిన బండికి అక్కడ పొగ పరీక్ష లేదు. ఇక్కడ మరీ కొత్తవి తప్ప 1976, ఆ తర్వాతి పెట్రోలు బండ్లకు రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష తప్పదు. మీరు పెట్టిన ప్రతి సామానుకూ ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఆర్డర్ సంఖ్య ఉండాలి, ఆ స్టిక్కరు బానెట్ కింద కనపడాలి. టర్బో కిట్ కొనే ముందు ఇక్కడివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత శక్తి వస్తుంది" కాదు, "ఆ సంఖ్య ఉందా" అన్నదే. ఇంజిన్ మార్చాలంటే బండి కన్నా పాత సంవత్సరం ఇంజిన్ పెట్టకూడదు, ఆ ఇంజిన్‌తో వచ్చిన కాలుష్య నియంత్రణ సామగ్రి అంతా రావాలి, చివరికి రెఫరీ (ఇలాంటి మార్పులను తనిఖీ చేసేవారు) దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి.

ఈ చర్చ చదివే కాలిఫోర్నియా వాళ్లు న్యూజెర్సీ అన్నగారి మాట విని ఆవేశపడకండి.

గేరుమార్పు (న్యూజెర్సీ)

నేను కాలిఫోర్నియా గురించి మాట్లాడలేదండి. అడిగింది టెక్సస్ ఆయన.

సిల్వర్‌స్టోన్_సుబ్బయ్య (నార్తాంప్టన్, ఇంగ్లండ్)

ఒక చరిత్ర ముక్క. ఈ కారుకు టర్బో అన్న ఆలోచన దాదాపు కారు పుట్టినప్పటి నుంచే ఉంది. మా దగ్గరలోనే బ్రాక్లీలో ఉన్న బీబీఆర్ అనే సంస్థ 1990లోనే 1.6 ఎంఎక్స్-5కు (ఇక్కడ మియాటా పేరు అదే) టర్బో కిట్ తయారుచేసింది. 150 బీహెచ్‌పీ. ఇక్కడి మాజ్డా డీలర్లే అమ్మారు. అంటే పాత ఇంజిన్ లోపలి భాగాలు ముట్టుకోకుండా, జాగ్రత్తగా చేస్తే ఎంత వస్తుందో ఆనాటి నిపుణులకే ఒక అంచనా ఉంది. 200 అనే గుండ్రటి అంకె కన్నా ఆ 150 మీద నాకు గౌరవం ఎక్కువ.

విచిత్రం ఏమిటంటే ఇక్కడ 1995 నుంచి అమ్మిన 1.6ను కంపెనీయే 90కి తగ్గించింది. ఆ బండ్ల వాళ్లు ఇప్పటికీ పోయిన శక్తిని వెతుక్కుంటూనే ఉన్నారు.

ఎర్రబండి90 (ప్లేనో, టెక్సస్)

చెప్పినవన్నీ చేశాను. అందరికీ ధన్యవాదాలు.

కంప్రెషన్: 176, 178, 174, 171. పుల్లీ మీద గాడులు నాలుగు, అంటే పొట్టి ముక్కే. కానీ ఊగడం లేదు. టైమింగ్ బెల్టు కవరు మీద 112 వేల మైళ్ల దగ్గర మార్చినట్టు పాత యజమాని చేతిరాత ఉంది, కాబట్టి బెల్టు గురించి భయం లేదు.

గొట్టం విప్పాను. బయటికి కొత్తదానిలా ఉంది. వంచగానే మూడో ముడత అడుగున వేలు దూరేంత పగులు నోరు తెరిచింది. ఆ పగులు గుండా వచ్చే గాలి ఏదీ కొలతకు రావడం లేదన్నమాట. టైమింగ్ 5 డిగ్రీల దగ్గర ఉంది. సిలిండర్ హెడ్ వెనకాల, క్యాబిన్ గోడను ఆనుకుని ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టు 12 మిల్లీమీటర్లది. చెయ్యి పట్టదు. పానాను రెండు వేళ్లతో పట్టుకుని, మోచెయ్యి హీటర్ గొట్టాల మధ్య ఇరికించి వదులు చేశాను. ఆ సెన్సర్ చుట్టూ ఉన్న రబ్బరు రింగు గట్టిపడి ఆయిలు కారుతోంది, అదీ మార్చాను. టైమింగ్ 14 దగ్గర పెట్టాను.

అదే డైనో మీద ఇప్పుడు 93.

పాతబస్తీ_గ్యారేజీ (హైదరాబాద్)

శభాష్. గొట్టం ధర ఎంత?

ఎర్రబండి90 (ప్లేనో, టెక్సస్)

40 డాలర్లు.

పాతబస్తీ_గ్యారేజీ (హైదరాబాద్)

నా లెక్కలో ఇదే అన్నిటికన్నా చవకైన టర్బో.

బోల్టునట్టు (మిషిగన్)

బాగుంది. 14 డిగ్రీల దగ్గర ఉంచితే 87 ఆక్టేన్ పోయకండి, టెక్సస్ ఎండలో ఇంజిన్ కొట్టుకోవడం (పెట్రోలు అదుపు లేకుండా తనంతట తానే మండడం) మొదలవుతుంది. మీ దగ్గర 93 దొరుకుతుంది, అదే పోయండి. ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట: అమెరికా పంపు మీద ఉండే అంకె రెండు పద్ధతుల సగటు, మన దగ్గర రాసేది ఆర్‌ఓఎన్ ఒక్కటే. ఇక్కడి 87 అంటే మన 91కి దగ్గర, ఇక్కడి 93 అంటే మన 98కి దగ్గర.

ఇంకొకటి. ఈ ఇంజిన్‌లో నాక్ సెన్సర్ (ఆ కొట్టుకోవడాన్ని పసిగట్టేది) లేదు. 1999లో రెండో తరంతోనే అది వచ్చింది. అంటే ఇంజిన్ కొట్టుకుంటుంటే ఈసీయూకు తెలియదు, టైమింగ్ తగ్గించదు. మీ చెవే సెన్సర్. టర్బో పెట్టాక, పైకప్పు తీసి, సైలెన్సర్ మోతలో మీ చెవికి అది వినపడదు.

గేరుమార్పు (న్యూజెర్సీ)

సరే, 93 వచ్చింది, సంతోషం. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆయన అడిగింది 200.

బోల్టునట్టు (మిషిగన్)

వద్దాం. లెక్క వేసి చూపిస్తాను, కొంచెం పొడుగు.

గాలి పీడనం సముద్రమట్టం దగ్గర 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). టర్బో 7 పీఎస్‌ఐ అదనంగా నెట్టిందనుకోండి, మొత్తం 21.7. అంటే ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ. ఇంజిన్ దగ్గర 116 ఉన్నది ఆదర్శంగా 171 అవుతుంది. గాలి వేడెక్కడం, టర్బో ఎదురు ఒత్తిడి తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. సుబ్బయ్య గారు చెప్పిన 150కి ఇప్పుడు అర్థం తెలుస్తోంది కదా. చక్రాల దగ్గర 200 కావాలంటే ఇంజిన్ దగ్గర 230 పైన రావాలి. అంటే ఈ ఇంజిన్‌లోకి మామూలుగా వెళ్లే గాలికి రెట్టింపు. 12 నుంచి 14 పీఎస్‌ఐ మాట అది. ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే గాలిని చల్లబరిచేది) లేకుండా అక్కడికి వెళ్లకూడదు.

గాలి రెట్టింపయితే పెట్రోలు కూడా రెట్టింపు కావాలి. 1.6లో ఉన్న ఇంజెక్టర్లు నిమిషానికి సుమారు 210 సీసీ పోస్తాయి. నాలుగూ కలిపి 840. పూర్తిగా తెరిచి ఉంచకూడదు కాబట్టి అందులో 80 శాతం, అంటే 670. గంటకు 64 పౌండ్ల పెట్రోలు. టర్బో ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు 0.6 పౌండు తాగుతుంది. భాగించండి: 107. అంటే మీ ఇంజెక్టర్లు ఉన్న ఇంజిన్‌కే బొటాబొటిగా సరిపోతున్నాయి. 230కి 450 సీసీ పైన ఉన్నవి కావాలి.

పెద్ద ఇంజెక్టర్లు పెడితే పాత ఈసీయూకు వాటిని నడపడం రాదు. కాబట్టి విడి ఈసీయూ, దానితో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (గాలి, పెట్రోలు పాళ్లు చూపించేది). ఈ రెండూ టర్బో కన్నా ముందు కొనండి. బూస్ట్ (టర్బో నెట్టే అదనపు ఒత్తిడి) లేకుండానే పెట్టి, నడిపి, ట్యూనింగ్ నేర్చుకోండి. తలుపులా ఊగే పాత గాలి మీటరును అప్పుడు పీకేయవచ్చు. పీకేటప్పుడు ఒక చిక్కు ఉంది: పెట్రోలు పంపును నడిపే స్విచ్ ఆ మీటరులోనే ఉంటుంది. గాలి కదిలి తలుపు తెరుచుకుంటేనే పంపు నడుస్తుంది. మీటరు తీసేసి వైరు కలపడం మరిచినవాళ్లు బండి ఎందుకు స్టార్ట్ కావడం లేదో తెలియక స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పుకుంటూ కూర్చుంటారు.

గేరుమార్పు (న్యూజెర్సీ)

పాత కిట్లన్నీ విడి ఈసీయూ లేకుండానే వచ్చేవి. బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోలు ఒత్తిడి పెంచే రెగ్యులేటర్ ఒకటి పెట్టేవారు, బండ్లు నడిచేవి. ఇప్పుడు అందరూ కంప్యూటర్ లేకపోతే ప్రాణం పోతుందన్నట్టు మాట్లాడుతున్నారు.

బోల్టునట్టు (మిషిగన్)

నడిచేవి, 5, 6 పీఎస్‌ఐ దగ్గర. 12 దగ్గర ఆ పద్ధతి అంటే కళ్లకు గంతలు కట్టుకుని ఘాట్ రోడ్డు దిగడమే. నాకు తెలిసిన ఒకరి బండి ఆ రెగ్యులేటర్‌తోనే వచ్చింది. ఎండాకాలం ట్రాక్ మీద నాలుగో సిలిండర్ పిస్టన్ రింగు గట్టు విరిగింది. మిగతా మూడూ చెక్కుచెదరలేదు.

ఎర్రబండి90 (ప్లేనో, టెక్సస్)

నాలుగోదే ఎందుకు?

పాతబస్తీ_గ్యారేజీ (హైదరాబాద్)

ఇది నేను చెబుతాను. ఈ ఇంజిన్ కుటుంబం మొదట మాజ్డా 323 లాంటి, ముందు చక్రాలు తిరిగే బండ్లలో అడ్డంగా కూర్చున్నది. వాటర్ పంపు ఒక చివర, థర్మోస్టాట్ రెండో చివర. నీళ్లు ఒకవైపు దూరి, నాలుగు సిలిండర్లూ దాటి, రెండోవైపు బయటికి వచ్చేవి. మియాటా కోసం ఇంజిన్‌ను నిలువుగా తిప్పినప్పుడు ఆ రెండో చివర క్యాబిన్ గోడకు తగులుతుంది. అందుకని థర్మోస్టాట్‌ను కూడా ముందుకే తెచ్చారు, వెనక రంధ్రానికి మూత వేశారు. ఇప్పుడు నీళ్లు ముందు నుంచి దూరి ముందు నుంచే బయటికి పోతాయి. వెనక ఉన్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం తక్కువ. 116 ఉన్నప్పుడు ఫరవాలేదు. రెట్టింపు చేస్తే అదే ముందు పోతుంది.

మందు కూడా ఉంది. వెనక మూత తీసి, థర్మోస్టాట్‌ను మళ్లీ అక్కడ పెట్టి, గొట్టాన్ని రేడియేటర్‌కు తీసుకురావాలి. కిట్లు అమ్ముతారు. ఇంజిన్ బండిలో ఉండగా చేయాలంటే చేతులు చిన్నవి అయి ఉండాలి, నోరు అదుపులో ఉండాలి.

ఇంజిన్ పెంచాలంటే మొదట నీళ్ల దారి చూడాలి. మన కాంటెస్సాకు మొదట సుమారు 50 హార్స్‌పవర్ ఇచ్చే 1.5 లీటర్ ఇంజిన్ ఉండేది. తర్వాత ఇసుజు 1.8 పెట్టి ఒక్కసారిగా 85 దాటించారు. కంపెనీ చేసింది కాబట్టి దాంతో పాటు 5 గేర్ల పెట్టె వచ్చింది. ఆ తర్వాత పాత 1.5 కాంటెస్సాల్లో కనపడిన ఇంజినల్లా దించినవాళ్లు మాత్రం ఇంజిన్ ఒక్కటే మార్చారు. ఆ బండ్లు ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఆవిరి వదులుతూ నిలబడేవి.

విశాఖ_మలుపులు (విశాఖపట్నం)

ఇప్పుడు మన దగ్గర ఇంజిన్ మార్చడం చట్టప్రకారం కుదురుతుందా?

పాతబస్తీ_గ్యారేజీ (హైదరాబాద్)

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. కంపెనీ తయారుచేసిన నాటి వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేయాలన్నా ఆర్టీఓ దగ్గర రికార్డులో ఎక్కించాలి. ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండి వేరే సంగతి.

చర్చ నిర్వాహకుడు

చట్టం గురించి ఇంకా మాట్లాడాలనుకుంటే వేరే చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ మియాటా సంగతి పూర్తి చేద్దాం.

కృష్ణాతీరం (శాన్ హోసే, కాలిఫోర్నియా)

వీవీటీ ఇంజిన్‌ను ఎవరూ పట్టించుకోలేదు, నేను కాస్త వకాల్తా పుచ్చుకుంటాను. 2001 మోడల్ వచ్చినప్పుడు మాజ్డా దానికి 155 అని ప్రకటించింది. తర్వాత 142 మాత్రమేనని ఒప్పుకుని, కావాలంటే బండి తిరిగి కొంటామని యజమానులకు చెప్పింది కూడా. ఆ 142 నిజమైన 142. టర్బో వేడి లేదు, పైపులు లేవు, ట్రాక్ మీద రోజంతా తిప్పినా అలసిపోదు. తొక్కిన వెంటనే పలుకుతుంది. 990 కిలోల బండిలో అది తక్కువేమీ కాదు. జాగ్రత్త ఒక్కటే: మీ 1.6లో టైమింగ్ బెల్టు తెగితే బండి ఆగుతుంది, అంతే. వీవీటీ ఇంజిన్‌లో తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

సిల్వర్‌స్టోన్_సుబ్బయ్య (నార్తాంప్టన్, ఇంగ్లండ్)

నా ఓటు కూడా దీనికే. ట్రాక్‌కు వెళ్తాను అన్న మాట ఒకటి ఉంది చూడండి, దాంతో లెక్కలన్నీ మారిపోతాయి. రోడ్డు మీద టర్బో పది సెకన్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటుంది. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఎర్రగా కాలుతుంది.

గేరుమార్పు (న్యూజెర్సీ)

142 అంటే చక్రాల దగ్గర 120 కూడా దాటదు. ఆయన అడిగింది 200. మనం ఆయన కోరికను బేరమాడి తగ్గిస్తున్నాం. అలా అయితే 2004, 2005లో మాజ్డాయే టర్బో పెట్టి అమ్మిన మాజ్డాస్పీడ్ మియాటా ఎందుకు వచ్చింది? 178 హార్స్‌పవర్, కంపెనీ వారంటీతో. కొలరాడోలోని ఫ్లయిన్ మియాటా వాళ్లు ఇందులో వీ8 ఇంజిన్లే దించారు. హోండా కే24 దించేవాళ్లు ఉన్నారు. ప్రపంచం అక్కడిదాకా పోతుంటే మనం గొట్టం మార్చి పండగ చేసుకుంటున్నాం.

బోల్టునట్టు (మిషిగన్)

కే24 గొప్ప ఇంజిన్, కాదనను. సామాన్లకే పదివేల డాలర్లు దాటుతుంది. వీ8 అంటే డిఫరెన్షియల్ (శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె), సబ్‌ఫ్రేమ్, గేర్‌బాక్స్ అన్నీ కొత్తవే. ఆయన బడ్జెట్ 6 వేలు. మాజ్డాస్పీడ్ మాట మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను: ఆ బండిలో 6 గేర్ల పెట్టె, గట్టి క్లచ్, లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే) డిఫరెన్షియల్, గట్టి స్ప్రింగులు అన్నీ కలిసి వచ్చాయి. టర్బో ఒక్కటే బిగించి అమ్మలేదు.

1990 బండిలో బలహీనమైనది ఇంజిన్ కాదు, వెనక డిఫరెన్షియల్. లోపలి రింగ్ గేరు 6 అంగుళాలది. అంటుకునే టైర్లు వేసి, 200 ఇచ్చి, ట్రాక్ మీద క్లచ్ ఒక్కసారిగా వదిలితే దాని పళ్లు రాలిపోతాయి. 1994లో 1.8 వచ్చినప్పుడు మాజ్డా దాన్ని 7 అంగుళాలు చేసింది. ఆ డిఫరెన్షియల్, దానితో వచ్చే యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు మూడూ కలిపి తీసుకోవాలి, ఒక్కటే కొంటే ఫ్లాంజి కలవదు. బ్రేకులు కూడా అంతే. మీ ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు, 1.8ది 255. నేరుగా బిగుస్తుంది. క్లచ్, ఫ్లైవీల్ కూడా 1.8వి మీ క్రాంక్‌కు సరిపోతాయి. మీ క్లచ్ 200 మిల్లీమీటర్లు, 1.8ది 215.

నా సలహా ఇదీ. ఈ శీతాకాలం 1.8 డిఫరెన్షియల్, బ్రేకులు, నీళ్ల దారి మార్పు, విడి ఈసీయూ. వచ్చే ఏడాది చిన్న టర్బో, ఇంటర్‌కూలర్, 8 పీఎస్‌ఐ. చక్రాల దగ్గర 150 దాకా వస్తుంది. పొట్టి ముక్కు క్రాంక్ మీద అంతకు మించి నేనైతే వెళ్లను. 200 కావాలనిపిస్తే అప్పటికి చేతిలో ఉన్న సామాన్లన్నీ అలాగే ఉంచి, కింద 1.8 ఇంజిన్ వేసుకోండి. ఏదీ వృథా కాదు.

గేరుమార్పు (న్యూజెర్సీ)

చివరికి టర్బోకే వచ్చారు కదా. నేను రెండు వాక్యాల్లో చెప్పాను, మీరు రెండు పేజీల్లో చెప్పారు.

బోల్టునట్టు (మిషిగన్)

మీ రెండు వాక్యాల్లో డిఫరెన్షియల్ లేదండి.

ఎర్రబండి90 (ప్లేనో, టెక్సస్)

ఇద్దరికీ ధన్యవాదాలు. సూపర్‌చార్జర్ ఆయనకు వద్దని చెప్పేశాను. ముందు డిఫరెన్షియల్‌తోనే మొదలుపెడతాను. ఫోర్ట్ వర్త్ దగ్గర పాత సామాన్ల యార్డులో ఒకటి ఉందట. "1993 బండిలోది, టోర్సెన్, షాఫ్టులతో కలిపి 700" అంటున్నారు. ధర సరైనదేనా?

కృష్ణాతీరం (శాన్ హోసే, కాలిఫోర్నియా)

1993 బండిలో టోర్సెన్ (గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ రకం) ఉండదు. 1.6 ఉన్నన్నాళ్లూ వచ్చింది విస్కస్ (చిక్కటి ద్రవంతో అదే పని చేసే) రకం, అదీ 6 అంగుళాలదే. టోర్సెన్ 1994 నుంచి. ఎవరో తర్వాత మార్చి ఉంటే తప్ప ఆ మాట కుదరదు.

పాతబస్తీ_గ్యారేజీ (హైదరాబాద్)

మాట మీద కొనకండి, వెళ్లి చూడండి. రెండు వైపులా ఇరుసు మొదళ్లను కలిపి ఒక్క చుట్టు తిప్పించండి, ముందు ఫ్లాంజి మీద సుద్దతో గీత పెట్టి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నాలుగు చుట్లు దాటి ఓ పిసరు ముందుకు వెళ్తే 4.10, అది 1.8 బండిది. నాలుగూ పావు దాటితే 4.30, అంటే మీ బండిలో ఉన్న రకమే కావచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి బోల్టుల మధ్య దూరం కొలిచి, మీ దానితో పోల్చండి. తేడా లేకపోతే అది 1.6దే. ఆయిలు ప్లగ్గు విప్పి వేలు పెట్టండి, లోహపు ముక్కలు తగిలితే 70కి ఇచ్చినా వద్దు.

ఎర్రబండి90 (ప్లేనో, టెక్సస్)

శనివారం సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్తున్నాను. చూసి వచ్చి ఫొటోలు పెడతాను.

గేరుమార్పు (న్యూజెర్సీ)

1.8ది దొరికితే పక్కనే ఉన్న బండి ముందు బ్రేకులు కూడా విప్పుకుని రండి. మళ్లీ అంత దూరం ఎవరు వెళ్తారు?